చెవిలో చీమేగా అని వదిలేస్తే...

"చెవిలో చీమేగా! పెద్దయితే అదే తగ్గిపోతుందిలే." ఈ మాట వినని ఇల్లు మనలో ఎంతమందికి ఉంది? పిల్లకి జ్వరమొస్తే కంగారుపడతాం. విరేచనాలైతే పరుగెడతాం. చెవి దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగు చుక్కలు కాచిన నూనె, కాసింత దూదితో సరిపెడతాం. ప్రాణం తీసే జబ్బు కాదు కదా అని మన ధీమా. చాలాసార్లు ప్రాణం తీయని మాట నిజమే. కానీ మాట తీస్తుంది, చదువు తీస్తుంది, బతుకుతెరువు తీస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక్కసారి ఆస్ట్రేలియా వైపు చూడండి. అంత డబ్బున్న దేశంలో, ఆ నేల మొదటి వారసులైన ఆదివాసుల పిల్లల చెవులు ఎలా ఉన్నాయో తెలుసా? 2001లో ఉత్తర ప్రాంతంలోని మారుమూల పల్లెల్లో రెండున్నరేళ్ళ లోపు పసివాళ్ళని పరీక్షిస్తే, వందకి ఎనిమిది మందికి మాత్రమే రెండు చెవులూ బాగున్నాయి. 2018-19 జాతీయ ఆరోగ్య సర్వేలో ఏడేళ్ళు దాటిన ఆదివాసుల్లో నూటికి 43 మందికి ఒక చెవికో, రెండు చెవులకో వినికిడి లోపం ఉన్నట్లు తేలింది. ఒక ఊళ్ళో నూటికి నలుగురికి మించి పిల్లలకి చెవుల్లో చీము కారుతుంటే అది ఊరంతటికీ పట్టిన ముప్పనీ, తక్షణం కదలాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది. ఆ లెక్కన ఇది ఎంత పెద్ద ముప్పో మీరే ఊహించుకోండి.

ఇదేదో పుట్టుకతో వచ్చిన చెవుడు కాదు. ముక్కు వెనకనుంచి మధ్య చెవికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. పసివాళ్ళకి అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. ఒకే గదిలో పదిమంది పడుకునే ఇళ్ళలో జలుబు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటూనే ఉంటుంది. పొగ, చాలీచాలని తిండి, చేతులు కడుక్కోను నీళ్ళు లేకపోవడం దానికి తోడు. బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే క్రిములు చేరిపోతాయి. మధ్య చెవిలో నీరు నిలుస్తుంది, కర్ణభేరి చిల్లి పడుతుంది, చీము మొదలవుతుంది. అక్కడి పిల్లల్లో చాలామందికి నొప్పి కూడా తెలియదు. ఏడవని బిడ్డ చెవిలోకి ఎవరు మాత్రం తొంగి చూస్తారు చెప్పండి?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. "తల్లి బిడ్డని తీసుకొస్తే మేం వైద్యం చేస్తాం" అనే విధానం చెవి విషయంలో పనికిరాదు. తల్లికి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. ఆసుపత్రే బిడ్డని వెతుక్కుంటూ వెళ్ళాలి. అది చేయకుండా "తల్లులకి శుభ్రత తెలియదు" అని తీర్పు చెప్పేయడం ఎంత సులువు! కుళాయి లేని ఇంట్లో ఏం శుభ్రత? తప్పెప్పుడూ అమ్మదేనా?

వినపడని పిల్లకి ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. బడిలో "మొద్దు" అంటారు. జవాబు చెప్పకపోతే "పొగరు" అంటారు. బడి మానేస్తుంది. అక్కడి ఉత్తర ప్రాంతం జైళ్ళలో పరీక్షిస్తే ఆదివాసీ ఖైదీల్లో నూటికి తొంభై మందికి పైగా వినికిడి లోపం బయటపడింది. పోలీసు అడిగిన ప్రశ్న సరిగ్గా వినపడనివాడి మౌనాన్ని ఎవరెలా అర్థం చేసుకుంటారో ఆలోచించండి.

2010లో ఒక పార్లమెంటరీ నివేదిక వచ్చింది, "మా మాట వినండి" అన్న అర్థంతో. 2017లో మరొకటి వచ్చింది, "ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం, ఎవరైనా వింటారేమోనని" అన్న అర్థంతో. ఆ రెండు పేర్లు పక్కపక్కన పెడితే చాలు, మధ్యలో ఏడేళ్ళు ఎలా గడిచాయో తెలిసిపోతుంది. మంచి పనులు జరగలేదని కాదు. 1971లో సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో ఆదివాసులే తమ ఆసుపత్రిని తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. 2019 నుంచి బడికి వెళ్ళే వయసు రాని పిల్లలకి వాళ్ళ ఊళ్ళోనే చెవులు పరీక్షించే పథకం నడుస్తోంది. తమ మనిషి, తమ భాషలో, తమ ఊరికొచ్చి చూస్తే తల్లులు నమ్ముతారు. అంతకన్నా బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మరి మన సంగతి? కాగితం మీద మనకీ లోటు లేదు. చెవిటితనం నివారణకి జాతీయ కార్యక్రమం 2006-07లోనే మొదలైంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో చెవిలో చీమూ ఉంది, వినికిడి లోపమూ ఉంది. ఈ జబ్బుకి ఒక కారణమైన క్రిమిని అడ్డుకునే న్యుమోకోకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. కానీ పాడేరు కొండల్లోనో, ఉట్నూరు గూడేల్లోనో ఉన్న పిల్లని తలుచుకోండి. ఇంట్లో కోయో, గోండో, సవరో మాట్లాడే పిల్ల తెలుగు బడిలో పలకకుండా కూర్చుంటే, అది భాష రాకా, చెవి వినపడకా? తేల్చేదెవరు? రెండూ కాదు, "చదువు ఎక్కని పిల్ల" అనేసి చేతులు దులుపుకుంటే ఆ బతుకు అక్కడితో సరి.

అందుకే మనం అడగాల్సినవి గొంతెమ్మ కోరికలేం కావు. టీకాకి తెచ్చిన ప్రతిసారీ బిడ్డ చెవిలోకి ఒక్కసారి చూడాలి. ఆశ్రమ పాఠశాలలో చేరిన ప్రతి పిల్లకీ వినికిడి పరీక్ష జరగాలి, అదీ ఆ పిల్ల ఇంటి భాషలో. చెవి చూసే చిన్న పరికరం వాడటం గూడెం ఆడపిల్లలకే నేర్పి, వాళ్ళకే ఆ ఉద్యోగం ఇవ్వాలి. లోపం ఉందని తేలిన పిల్లకి వైద్యమో, వినికిడి యంత్రమో అందేదాకా ఒకరు బాధ్యత పడాలి. పరీక్ష చేసి చీటీ రాసిచ్చి, నూరు కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పొమ్మంటే కూలి మానుకుని ఏ తల్లి వెళ్ళగలదు?

మనలో టీచర్లున్నారు, నర్సులున్నారు, అంగన్‌వాడీ కార్యకర్తలున్నారు. పిలిస్తే పలకని పిల్ల కనిపిస్తే కసురుకోకండి, ముందు చెవి చూపించండి. మన ఇంట్లో అయినా నూనె చుక్కలు, పిన్నీసులు మానేద్దాం. పిల్లలు మన మాట వినడం లేదని రోజూ విసుక్కుంటాం. వాళ్ళకి వినపడేలా చూడటం ముందు పెద్దవాళ్ళ పని, ప్రభుత్వం పని.