ఇన్‌ఛార్జి పెత్తనం - ఉపాధ్యాయుల్లో అసంతృప్తి

పాఠశాల సక్రమంగా నడవాలంటే సమర్థుడైన ప్రధానోపాధ్యాయుడు ఉండాలన్నది నిర్వివాదాంశం. తెలంగాణలో 2015 తర్వాత నిలిచిపోయిన ఉపాధ్యాయుల పదోన్నతులు 2023, 2024లలో గాని మళ్లీ జరగలేదు. ఆ మధ్యకాలంలో అనేక ఉన్నత పాఠశాలలు సీనియర్ ఉపాధ్యాయుల ఇన్‌ఛార్జి పెత్తనంలోనే నడిచాయి.

ఇన్‌ఛార్జికి తన తరగతులు తప్పవు; జీతాల బిల్లులు, సెలవుల మంజూరు, సర్వీసు రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు అదనం. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న వారిని ఆలస్యమెందుకైందని అడిగితే పేచీ. అడగకుంటే వేళకు వచ్చేవారికి మనసు విరుగుతుంది.

ఇంక్రిమెంటు కాగితం సకాలంలో కదిలి, తరగతుల పంపకంలో పక్షపాతం లేకుంటే సగం అసంతృప్తి తొలగుతుంది. ఖాళీ అయిన కుర్చీని ఆ ఏడాదే భర్తీ చేయడం ప్రభుత్వ బాధ్యత. లేకుంటే అంతిమంగా నష్టపోయేది పిల్లలే.