స్క్రూడ్రైవర్‌తోని ట్రాక్టర్ స్టార్ట్ చేసుడు ఇగ బంద్ పెట్టుండ్రి



ఈ పోస్టు కొందరికి కోపం తెప్పిస్తది. అయినా చెప్పాలె. మన మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ట్రాక్టర్ సెల్ఫ్ కొట్టకపోతే రెండే పనులు చేస్తున్నం. ఒకటి, కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తోని సెల్ఫ్ మోటర్ మీది బోల్టులు కలిపి నిప్పురవ్వలు లేపుడు. రెండు, "బ్యాటరీ పోయింది" అని తీర్పు చెప్పి కొత్తదానికి పైసలు కట్టుడు. మొదటిది ప్రాణం తీస్తది, రెండోది జేబు ఖాళీ చేస్తది.

ముందు ప్రాణం సంగతి. క్లచ్ తొక్కితేనో, గేరు న్యూట్రల్‌ల ఉంటేనో సెల్ఫ్ కొట్టేటట్టు చాలా ట్రాక్టర్లకు సేఫ్టీ స్విచ్ ఉంటది. మనోళ్లు దాన్ని కంపెనీ కిరికిరి అంటరు, వైరు కోసి కలిపేస్తరు. బోల్టులు కలిపి కొట్టినప్పుడు కూడా కరెంటు ఆ స్విచ్ దిక్కు పోదు, సీదా మోటర్‌కే పోతది. బండి గేరుల ఉంటే ఇంజన్ అందుకున్న క్షణమే కదులుతది. అప్పుడు మీరు నిలబడ్డది ఎక్కడ? ముందు చక్రానికీ వెనక పెద్ద చక్రానికీ నడుమ. దూకి తప్పుకునే టైము ఉండదు. బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసుకు ఆ రవ్వ తగిలితే పేలి యాసిడ్ మొఖం మీద పడొచ్చు కూడా.

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, నాకేం కాలే" అనేటోళ్లు ఉన్నరు. నిజమే, మీకు కాలే. కానీ గేరు మర్చిపోనీకి ఒక్క పొద్దు చాలు. మిమ్మల్ని చూసి నేర్చుకున్న పిల్లగాడు రేపు అదే పని చేస్తడు. వానికి గేరు చూసుకునే అలవాటు ఉన్నదా?

ఇగ పైసల సంగతి. సెల్ఫ్ కొట్టకపోతే అన్నిసార్లూ బ్యాటరీదే తప్పు కాదు. "లైటు వెలుగుతున్నది, బ్యాటరీ మంచిగనే ఉన్నది" అనుడు కూడా తప్పే. హెడ్‌లైట్ బల్బుకు ఐదు ఆంపియర్లు సరిపోతయి. సెల్ఫ్ మోటర్‌కు వందల ఆంపియర్లు కావాలె. టెర్మినల్‌కు చిలుము పట్టినా, ఎర్త్ వైరు లూజున్నా లైటు వెలుగుతది, సెల్ఫ్ మాత్రం తిరగదు.

అందుకే గేరు న్యూట్రల్‌ల పెట్టి, క్లచ్ తొక్కి, సీటు మీద కూసొని, లైటు వేసి తాళం తిప్పుండ్రి.

లైటు పూర్తిగా మసకబారితేనో, కటకట చప్పుడొస్తేనో బ్యాటరీ దిగింది, లేకుంటే టెర్మినల్ లూజున్నది. ముందు మైనస్ వైరు ఇప్పి, తర్వాత ప్లస్ తీసి, తినేసోడా నీళ్లతోని కడిగి, తుడిచి, బిగించుండ్రి. బిగించేటప్పుడు మైనస్ ఆఖర్ల. ఎర్త్ వైరు ఛాసిస్‌కు బిగించిన దగ్గర తుప్పు గీకుండ్రి.

లైటు ఏం తగ్గకుండ, చప్పుడే రాకపోతే ఫ్యూజు, సేఫ్టీ స్విచ్, తాళం స్విచ్, సెల్ఫ్‌కు పోయే సన్న వైరు చూడాలె.

మల్టీమీటర్ ఒకటి ఇంట్ల ఉంచుకోండ్రి. బండి ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగున్నట్టు. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ, ఛార్జింగ్ పెట్టాలె. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 దగ్గర చూపకపోతే ఆల్టర్నేటర్ దిక్కు చూడుండ్రి. అది చూడకుండ కొత్త బ్యాటరీ వేస్తే అదీ దిగిపోతది.

సెల్ఫ్ మంచిగ తిరిగి కూడా ఇంజన్ అందుకోకపోతే బ్యాటరీ మీద పడకుండ్రి. స్టాప్ నాబ్ గుంజి ఉన్నదా, ట్యాంకుల డీజిల్ ఉన్నదా, ట్యాపు తెరిచి ఉన్నదా చూడుండ్రి. పాత రకం బండ్లల్ల ఎయిర్ పడితే ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ లూజు చేసి, బుడగలు ఆగేదాక చేతి పంపు కొట్టి, బిగించుడే. కొత్త సీఆర్‌డీఐ బండ్లల్ల ఇంజెక్టర్ పైపులు ముట్టకుండ్రి, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలకు దూసుకపోతది. ఒక్కసారికి పది సెకన్లు మించి సెల్ఫ్ కొట్టకుండ్రి. నిమిషం ఆగి మళ్ల కొట్టుండ్రి, లేకుంటే మోటరే కాలుతది.

"మనం రైతులం, మెకానిక్కులమా?" అంటరు. పంపు ఇప్పుడు, సెల్ఫ్ లోపలి పని మెకానిక్‌దే, కాదన. కానీ ఎద్దు కాలు ఎత్తి ముల్లు చూసిన రైతు దాన్ని డాక్టర్ పని అనలే. టెర్మినల్ కడుగుడు కూడా గంతే.

మన దగ్గర ఈ బాధ ఇంకా పెరుగుతది. ఊరి చుట్టూ వెంచర్లు లేచినయి, దున్నే భూమి తగ్గింది, బండ్లు నెలల తరబడి షెడ్డుల నిలబడుతున్నయి. నిలబడ్డ బండి బ్యాటరీ దానంతటదే దిగుతది. మృగశిర కార్తెకు మొదటి వాన పడంగనే అందరి బండ్లు ఒక్కసారే మొరాయిస్తయి. ఆ తొందరలోనే స్క్రూడ్రైవర్ చేతిలకు వస్తది.

కాబట్టి వాన రాకముందే, కనీసం పదిహేను రోజులకోసారి బండి స్టార్ట్ చేసి అరగంట నడపండ్రి. వాడకుంటే మైనస్ వైరు తీసి పెట్టుండ్రి. కోసేసిన సేఫ్టీ స్విచ్ ఉంటే ఈ వారమే మళ్ల కలిపించుండ్రి. ఎవరన్నా కింద నిలబడి బోల్టులు కలుపుతుంటే చెయ్యి పట్టి ఆపుండ్రి. తిడితే తిట్టించుకోండ్రి.