ప్రశ్నాపత్రం ఎవరి భాషలో ఉంది?

బడిలో ఏం చెప్పాలో పాఠ్యపుస్తకం నిర్ణయిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నిర్ణయించేది పరీక్ష. పరీక్షలో రాని పాఠాన్ని ఏ మాస్టారూ రెండోసారి చెప్పడు. పై అధికారి అడగని విషయం ఏడాది తిరక్కుండా బడిలోంచి మాయమవుతుంది. అందుకే ఆదివాసీ చదువు గురించి మాట్లాడే ముందు మనం అడగాల్సిన మాట ఒకటుంది: ప్రశ్నాపత్రం ఎవరు రాస్తున్నారు? ఏ భాషలో రాస్తున్నారు?

2021 నవంబరు 12న దేశమంతటా 3, 5, 8, 10 తరగతుల పిల్లలకు జాతీయ సాధన సర్వే పరీక్ష పెట్టారు. 22 భాషల్లో ప్రశ్నలిచ్చారు. తెలుగు, హిందీతో పాటు గారో, ఖాసీ, మిజో, లెప్చా భాషలూ అందులో ఉన్నాయి. సంతోషమే, వాళ్లూ మన తోబుట్టువులే. మరి గోండి ఏది? కోయ ఏది? కువి, సవర, కొలామి ఏవి? 2011 జనగణనలో లెప్చా మాతృభాష అన్నవాళ్లు 50 వేల లోపు. గోండి అన్నవాళ్లు 29 లక్షల పైచిలుకు. చిన్న భాషల్లో పరీక్ష కుదరదనే మాట ఇక చెల్లదు. ఈశాన్యంలో ఆ భాషల వెనక ప్రభుత్వాలు నిలబడ్డాయి. గోండులు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణల మధ్య చెదిరిపోయి, ఎక్కడికక్కడ తక్కువమంది అయ్యారు. తేడా అక్కడుంది.

మూడో తరగతి కోయ పిల్లను తీసుకోండి. సంతలో తల్లి పక్కన కూర్చుని చింతపండు తూకం, ఇప్పపువ్వు ధర చూస్తూ పెరిగింది. కూడిక, తీసివేత ఆమెకు వచ్చు. ప్రశ్నలోని తెలుగు వాక్యం అర్థం కాలేదు, తప్పు రాసింది. కాగితం మీద 'లెక్కల్లో వెనకబడింది' అని పడుతుంది. ఇంటి భాషకూ బడి భాషకూ ఉన్న దూరాన్ని కొలిచి, దాన్ని పిల్ల తెలివితక్కువతనంగా రాసుకున్నారు. ఆ దూరాన్ని పెంచినవాళ్లకు మాత్రం ఎవరూ సున్నా వేయరు.

మన భాషలో చదువు కొత్త కోరిక కాదు. 1940లలో, నిజాం పాలనలోనే, హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. గోండి వాచకాలు అచ్చువేశారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ, గిరిజన భాషల్లో బోధన మొదలైంది. రాజ్యాంగం 350ఎ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ మాతృభాష మాటే చెబుతున్నాయి. కాని పై పరీక్షలన్నీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటే, మార్కు తేని వాచకం ఎన్నాళ్లు తెరిచి ఉంటుంది? పైగా షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 3వ నంబరు జీవోను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

పరీక్షలు లేకపోతే కొండమీది బడికి మాస్టారే రాడు అంటారు కొందరు. అందులో నిజముంది, లెక్క అడగాల్సిందే. అయితే ఆ లెక్క ముందు బడిని అడగాలి. పిల్ల భాష తెలిసిన మాస్టారు ఉన్నాడా? ఏడాదిలో ఎన్ని రోజులు బడి తెరిచారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పని ప్రభుత్వానికి ఎనిమిదేళ్ల పిల్లను ప్రశ్నించే హక్కు ఎక్కడిది?

ఇంగ్లీషు వద్దనడం లేదు, గణితం వద్దనడం లేదు. అవి గట్టిగా రావాలనే మా భాష మీదుగా నేర్పమంటున్నాం. అయిదో తరగతి దాకా ఏ పరీక్ష అయినా పిల్ల ఇంటి భాషలో ఉండాలి. ప్రశ్నలు రాసే బల్ల దగ్గర ఆదివాసీ ఉపాధ్యాయులు కూర్చోవాలి. బడిలో ఏం నేర్పుతున్నారో గ్రామసభ ముందు చెప్పాలి. సామాజిక రంగాల సంస్థల మీద అజమాయిషీని 1996 పెసా చట్టం గ్రామసభలకూ పంచాయతీలకూ ఇచ్చింది. దాన్ని వాడుకోవడం మన వంతు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి పరీక్ష కట్ట విప్పినప్పుడు ప్రశ్నలను పిల్లల భాషలో ఒకసారి చదివి చూడండి. జవాబులు ఎంత మారతాయో రాసిపెట్టండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆ కాగితాలను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. మన పిల్లల మీద వాళ్లు వేసిన మార్కులు చాలా చూశాం. ఇక వాళ్ల ప్రశ్నాపత్రానికి మనం మార్కులు వేద్దాం.