ఉప్పు, నీరు, మెదడును మోసే కణాలు

ఈ శీర్షికలో ఇంతవరకు పంపులు, కవాటాలు, బాయిలర్లు మొదలైన వాటిని గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం మనందరి తలలలో రాత్రింబవళ్ళు పనిచేస్తున్న కొన్ని సూక్ష్మ కవాటాలను గురించి మనవి చేయదలచాము. ఇది మా చదువుకు వెలుపలి శాస్త్రమే. అయినా గత వేసవిలో మా ఇంట జరిగిన ఒక సంఘటన మాకు ఈ పాఠాన్ని బలవంతంగా నేర్పింది. నేర్చిన దానిని నలుగురితో పంచుకొనడం విధియని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మా స్వస్థలం సిరిసిల్ల. మాది నేత కుటుంబం. డెబ్బది ఎనిమిదేండ్ల మా అమ్మగారు గత ఏప్రిల్ మాసంలో సూరత్ వచ్చి మా వద్ద ఉన్నారు. లింబాయత్‌లో మరమగ్గాల పని చేసుకొనే మన తెలంగాణ బంధువుల ఇండ్లకు వెళ్ళి, వారితో కడుపార మాట్లాడి రావడం ఆమెకు పరమానందం. ఆమెకు చాలాకాలంగా రక్తపోటు ఉన్నది. మూత్రం ద్వారా నీటిని, ఉప్పును వెడలగొట్టే రకం మాత్ర వాడుతుండేవారు. ఇక మేము ఇంజనీరులము గదా, శాస్త్రీయంగా వ్యవహరించబోయాము. ఉప్పు విషమని చెప్పి కూరలలో ఉప్పు మాన్పించాము. ఆవకాయ జాడీని అటకెక్కించాము. తాపీ తీరపు ఉక్కపోతకు భయపడి, గంటగంటకు గ్లాసెడు మంచినీరు దగ్గరుండి త్రాగించాము. ఎండలకు ఆమె తినే అన్నం కూడ పిడికెడుకు తగ్గింది.

మూడు వారాలు గడిచేసరికి అమ్మగారి నడక తడబడింది. ఒకనాటి ఉదయం మమ్మల్ని చూసి "అన్నా, ఎప్పుడొచ్చినవే?" అని అడిగారు. ఆమె అన్నగారు గతించి ఇరువది ఏండ్లు దాటింది. వయసు మీరిన వారికి మతిమరుపు సహజమే కదా అని సరిపెట్టుకున్నాము. పొరుగింటి గుజరాతీ సోదరి మాత్రం సరిపెట్టుకోలేదు. ఆమెకు తెలుగు రాదు, అమ్మగారికి గుజరాతీ రాదు. అయినా సాయంకాలాలు ఇద్దరూ కూర్చుండి పూలు కట్టేవారు. "భాయీ, నిన్నటి నుండి బా చేతికి ముడి పడటం లేదు" అని ఆ సోదరి వచ్చి చెప్పింది. అరువది ఏండ్లు కండెలు చుట్టి, తెగిన పోగులను కన్నుమూసి అతికిన చేతులవి. అప్పుడు గాని మాకు భయం కలుగలేదు.

ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయగా సోడియం 114 అని వచ్చింది. లీటరు రక్తంలో 135 నుండి 145 మిల్లీమోల్స్ ఉండవలసిన చోట 114. "ఇంత తక్కువైతే మూర్ఛలు రావచ్చు, స్పృహ పోవచ్చు" అన్నారు వైద్యులు. అయితే తక్షణమే ఎక్కించండని వేడుకున్నాము. "ఎక్కిస్తాము, కాని రోజుకు ఎనిమిది యూనిట్లకు మించనీయము. తొందరపడితే మెదడు దెబ్బతింటుంది" అని వారి సమాధానం. 135కు చేర్చవలసిన దానిని గంటలలో చేర్చగల సాధనాలు చేతిలో ఉండగా ఈ జాప్యమెందుకో మాకు అంతుపట్టలేదు. ఆ రాత్రి వరండాలో కూర్చుండి, వైద్యులు చెప్పిన ముక్కలను ఆధారం చేసుకొని చదువసాగాము.

మానవుని మెదడులో నాడీకణాలు ఇంచుమించు 8,600 కోట్లు. వాటికి దాదాపు సమాన సంఖ్యలో ఆలంబన కణాలు కలవు. 1856లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో వీటికి 'న్యూరోగ్లియా' అని పేరు పెట్టాడు. నాడులను అంటించి ఉంచే జిగురు అని దాని అర్థం. మన కర్మాగారంలో ఉత్పత్తి విభాగానికి లభించే కీర్తి యుటిలిటీ విభాగానికి లభించదు. నీరు, ఆవిరి, గాలి ఒక్క గంట నిలిచిపోతే తప్ప ఆ విభాగం ఉన్నదని ఎవరికీ గుర్తురాదు. గ్లియా కణాల గతి కూడ చాలాకాలం అట్లే గడిచింది.

వీటిలో ముఖ్యమైనవి నక్షత్రాకారంలో ఉండే ఆస్ట్రోసైట్లు. ఒకవైపు నాడుల సంధులను తాకుతూ, మరొకవైపు మెదడులోని రక్తకేశనాళికలకు తమ పాదాలను చుట్టి ఉంచుతాయి. నాడీకణం సంకేతం పంపిన ప్రతిసారీ కొంత పొటాషియం బయటకు వస్తుంది. అది అక్కడే పేరుకొంటే నాడులు అదుపు తప్పి ఉద్రేకిస్తాయి. ఆ పొటాషియం గ్లియా కణాలపై నేరుగా విద్యుత్ ప్రభావం చూపుతుందని 1966లో కఫ్లర్, నికోల్స్, ఓర్కండ్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. నేడు మనకు తెలిసినంతలో, కె.ఐ.ఆర్. 4.1 అనే అయాను ద్వారాల గుండా ఆస్ట్రోసైట్లు దానిని పీల్చుకొని దూరానికి తరలిస్తాయి.

ఇవి తమలో తాము మాట్లాడుకుంటాయి కూడ. 1990లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక ఆస్ట్రోసైట్ నుండి మరొకదానికి కాల్షియం అలలు ప్రాకిపోవడాన్ని సూక్ష్మదర్శినిలో చూశారు. ఆ కబురును మోసే దూతలలో ఒకటి ఏ.టి.పి. అనే పదార్థమని 1999 నాటికి తేలింది. ఇక్కడ మన తెలుగువారు గర్వంగా తలెత్తవలసి ఉన్నది. ఆ ఏ.టి.పి.ని 1929లో వెలికితీసిన వారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి వారు, జర్మనీలో కార్ల్ లోమన్, ఒకే ఏడాది విడివిడిగా దానిని కనుగొన్నారు. కండరానికి శక్తినిచ్చే పదార్థంగా బయటపడినది మెదడులో వార్తాహరుని పని కూడ చేస్తుందని తెలియడానికి డెబ్బది ఏండ్లు పట్టింది.

ఇక అమ్మగారి విషయానికి వద్దాము. రక్తంలో ఉప్పు పలుచబడినపుడు నీరు పలుచని వైపు నుండి చిక్కని వైపునకు, అనగా కణాలలోనికి ప్రవేశిస్తుంది. రక్తనాళాన్ని చుట్టిన ఆస్ట్రోసైట్ పాదాలలో ఆక్వాపోరిన్-4 అనే నీటి ద్వారాలు దట్టంగా ఉన్నందున ముందుగా ఉబ్బేవి అవే. ఈ ద్వారం లేకుండ పుట్టించిన ఎలుకలలో, హఠాత్తుగా నీరెక్కినపుడు మెదడు వాపు తక్కువగా ఉన్నదని 2000లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. పుర్రె గట్టి పెట్టె. లోపలిది ఉబ్బితే పోవడానికి చోటు లేదు.

కాని ప్రకృతి ఆ పెట్టెకు భద్రతా కవాటం అమర్చింది. కణం ఉబ్బగానే తెరచుకొనే ఒక ద్వారం ఉన్నది. దాని గుండా క్లోరైడు, టారిన్, గ్లుటమేట్ వంటి పదార్థాలు బయటకు పోతాయి. వాటి వెంట నీరు కూడ పోయి కణం మరల కుదించుకొంటుంది. ఈ ద్వారాన్ని నిర్మించే ముఖ్య ప్రోటీను ఎల్.ఆర్.ఆర్.సి.8.ఏ. అని 2014లో అమెరికాలో పటపూటియన్ బృందం, బెర్లిన్‌లో యెంచ్ బృందం విడివిడిగా గుర్తించాయి. ఈ కవాటానికి ఒక లోపమున్నది. బయటపడిన గ్లుటమేట్ నాడులను రెచ్చగొడుతుంది. ఉప్పు ఒక్కసారిగా పడిపోయిన వారికి మూర్ఛలు రావడానికి ఇది కూడ ఒక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఉప్పు నెమ్మదిగా తగ్గితే రెండు రోజులలో ఆస్ట్రోసైట్లు తమ సరుకును చాలావరకు బయటకు పంపి, ఆ పేదరికానికే అలవాటు పడతాయి. అప్పుడు మనం హడావిడిగా ఉప్పు ఎక్కిస్తే రక్తం ఒక్కసారిగా చిక్కబడి కణాలలోని నీటిని లాగివేస్తుంది. పోయిన సరుకును తిరిగి కూడగట్టుకొనడానికి వాటికి రోజులు కావాలి. అందాక తాళలేక ముడుచుకొని మరణిస్తాయి. వాటి వెనుకనే నాడుల పైపొర కూడ చెడిపోతుంది. మాట, మ్రింగుడు, కాళ్ళుచేతులు పడిపోయే ఈ వ్యాధిని 1959లో తొలిసారి వర్ణించారు.

చల్లని బాయిలరును ఒక్క గంటలో పూర్తి పీడనానికి తెచ్చే ఆపరేటరును మేమెవ్వరమూ క్షమించము. క్రమంగా వేడెక్కించమని ముప్పది ఏండ్లుగా అప్రెంటిసులకు పాఠం చెబుతున్నాము. అటువంటి మేము ఆ వైద్యుల నెమ్మదిని జాప్యమని నిందించాము. మరునాడు వారిని కలిసి క్షమాపణ చెప్పుకున్నాము. "మీ భయం సహజమే సాహెబ్" అని వారు నవ్వి ఊరుకున్నారు.

ఆ మాత్ర మాన్పించి, వేరొకటి ఇచ్చి, నీటిని కొలిచి, సోడియాన్ని ఆరేసి, ఏడేసి యూనిట్ల చొప్పున పెంచారు. నాలుగవ రోజున అమ్మగారు కన్నులు తెరచి, "పెద్దోడా, ఆవకాయ జాడీ ఏడ వెట్టినవ్‌రా?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు.

మన కుటుంబాలలోని పెద్దలకు ఈ సంగతి ఉపయోగించవచ్చునని కొన్ని మాటలు చెబుతున్నాము. ఉప్పు తగ్గించడం రక్తపోటుకు మంచిదే. అందులో సందేహం లేదు. కాని నీటి మాత్ర వాడుతూ, తిండి తగ్గి, నీరు మాత్రమే అధికంగా త్రాగే వృద్ధులు తడబడినా, మాట మరచినా వయసని సరిపెట్టుకొనకండి. సోడియం పరీక్ష చేయించవలెనా అని వైద్యులను అడగండి. మాత్రను స్వయంగా మానరాదు, ఉప్పును స్వయంగా కుమ్మరించరాదు. ఎండలో చెమటోడ్చే మన కార్మిక సోదరులు, మగ్గాల వద్ద నిలబడే మన బంధువులు వట్టి నీరే గాక, వైద్యులు వద్దనని పక్షంలో, ఉప్పు వేసిన మజ్జిగ, ఇక్కడివారి ఛాస్, మన అంబలి కూడ త్రాగడం మేలు.

అమ్మగారు జూన్‌లో సిరిసిల్ల వెళ్ళిపోయారు. వెళ్ళే ముందటి సాయంకాలం ఆమె, పొరుగింటి సోదరి కలిసి మూరెడు మల్లెలు కట్టారు. ప్రతి ముడినీ మేము ప్రక్కనే కూర్చుండి చూశాము. ఒక్కటి కూడ జారలేదు.