మెట్రోనా... మామూలు రైలా?

రెండూ పట్టాలమీద పరుగెత్తేవే. మరి ఊరి నుంచి ఊరికెళ్లే హైస్పీడ్‌ రైలుకీ మెట్రోకీ తేడా ఏంటంటారా? అది తేలడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది! నాగపూర్‌ మెట్రో పనుల టెండరులో మెట్రో కట్టిన అనుభవం ఉండాలన్నది షరతు. ఓ సంస్థల కూటమి చైనాలో నగరాల మధ్య నిర్మించిన హైస్పీడ్‌ రైలు మార్గాన్ని చూపింది. అది మెట్రో కాదని అధికారులు పక్కనపెడితే, కూటమి హైకోర్టుకెళ్లి గెలిచింది. పోటీలో ఉన్న మరో కంపెనీ అప్పీలు చేసింది. షరతు రాసినవారికే దాని అర్థం బాగా తెలుస్తుందంటూ 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. అలాగని కోర్టు తలుపులు మూసుకుపోలేదు. టెండరు నిర్ణయంలో దురుద్దేశమో పక్షపాతమో కనిపిస్తే ఎవరైనా తట్టొచ్చు. నాగపూర్‌లో మెట్రో 2019 మార్చిలో పట్టాలెక్కింది. కంపెనీల వాదన ఏదైనా, పన్ను కట్టేదీ రైలు కోసం ఎదురుచూసేదీ ప్రయాణికుడే!