ప్రచార మాసాలు – పట్టాలపై ప్రాణాలు

జనవరిలో రహదారి భద్రత, మార్చి 4న జాతీయ భద్రతా దినం, ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య దినం, అదే నెల 28న పనిస్థలాల భద్రతా దినం, జూన్ అంతా మలేరియా నిరోధక మాసం, జూలైలో డెంగీ నిరోధక మాసం. సంవత్సరం పొడవునా నెలకొక ప్రచారం మన స్టేషన్లలోనూ, తపాలా కార్యాలయాలలోనూ, కాలనీలలోనూ సాగుతూనే వున్నది. ప్రతిజ్ఞ చదువుతారు, ఛాయాచిత్రం తీస్తారు, మరునాడు బ్యానరు దించివేస్తారు.

ఇట్టి ప్రచారాలను ఎగతాళి చేసే అలవాటు మనలో కొందరికి వున్నది. మేము వారితో ఏకీభవించము. ప్రజారోగ్యం మనకు పరాయి పని కాదు. 1892లో బెంగాలులో క్వినైన్‌ను పైసాకొక పొట్లం చొప్పున పల్లెలకు అమ్మినది తపాలా కార్యాలయాల ద్వారానే. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొనడం అటు పిమ్మట, 1897 ఆగస్టు 20న. 1962 ఏప్రిల్ 7న మలేరియా నిర్మూలన తపాలా బిళ్ళ వెలువడినపుడు దానిపై ముద్ర కొట్టి ఊరూరికీ చేర్చినది కూడా తపాలా సిబ్బందియే. కనుక ప్రచారం వద్దని మేము అనము. ప్రచారం ఎవరిని ఉద్దేశించి, ఎవరి బాధ్యతను మరుగుపరచి సాగుతున్నదన్నదే మా ప్రశ్న.

మా దృష్టికి వచ్చిన ఒక కాలనీ సంగతి చెబుతాము. “నీరు నిలవ వుంచకండి” అని అక్కడ బ్యానరు కట్టారు. మంచి మాటే. డెంగీని మోసే దోమ మురుగులో కాక ఇంటిలోని మంచి నీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. వారానికొకసారి పాత్రలన్నీ తోమి ఆరబెట్టుకుంటే దాని పుట్టుక ఆగుతుంది. కాని ఆ కాలనీలో కుళాయి మూడు రోజులకొకసారి వస్తుంది! డ్రమ్ములలో నీరు పట్టుకోక గృహిణులు ఏమి చేయాలి? పైనున్న ట్యాంకుకు మూత లేదు. మూత కొరకు పెట్టిన అర్జీకి జవాబు లేదు. ఉపదేశం ఉద్యోగి ఇంటికి వచ్చినంత వేగంగా మూత ట్యాంకు మీదకు రాలేదు.

ఇంతకంటె తీవ్రమైన విషయం పట్టాల మీద వున్నది. జూన్‌లో లెవెల్ క్రాసింగుల వద్ద ప్రజలకు జాగ్రత్తలు చెబుతారు, అది అవసరమే. 2014 జూలై 24న మాసాయిపేట వద్ద కాపలా లేని గేటులో బడి పిల్లలు బలియైన ఘోరాన్ని తెలుగువారు మరువలేరు. బ్రాడ్‌గేజిపై కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి చివరినాటికి తొలగించారు. ఆ పని ప్రచారం వలన కాలేదు. నిధులు, సిబ్బంది, వంతెనలు సమకూర్చడం వలన అయినది. ఇది గమనించదగిన మాట.

ఇక ఆ పట్టాలనే కాపాడే గ్యాంగ్‌మన్, కీమన్‌ల సంగతి? గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 30 మీటర్లకు పైగా దాటుతుంది. అర కిలోమీటరు దూరంలో కనిపించిన బండి పదహారు సెకన్లలో మీద పడుతుంది. ఆ లోపల స్పానరు, సుత్తి సర్దుకొని ప్రక్కకు తప్పుకోవాలి. రెండు లైన్లు వున్నచోట ఒక బండికి తప్పుకొన్నవాడు రెండవ బండి క్రిందకు పోతున్నాడు. విద్యుత్ ఇంజను చప్పుడు ఆవిరి ఇంజను చప్పుడు వంటిది కాదు. పొగమంచులో, వంపులో అది వినబడేసరికి సమయం మించిపోతుంది. 2007–08 నుండి 2011 అక్టోబరు వరకు రైలు ప్రమాదాలలో వెయ్యి మందికి పైగా మరణించగా, అదే కాలంలో మృతి చెందిన రైల్వే సిబ్బంది సుమారు 1600 మంది అని అనిల్ కకోద్కర్ సంఘం 2012 నివేదికలో తెలిపినది. బండి పట్టాలు తప్పితే పత్రికలలో పెద్ద అక్షరాలు. కీమన్ చనిపోతే లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. ఆ వాక్యాలలోనూ “అజాగ్రత్త వలన” అన్న మాట తప్పక వుంటుంది.

బండి రాకను ముందుగా హెచ్చరించే ‘రక్షక్’ పరికరం ప్రతి కీమన్ చేతిలోనూ పనిచేస్తూ వుండాలి. ప్రతి గ్యాంగుకు లుకౌట్‌మన్‌ను విధిగా ఇవ్వాలి. మనుషులు తక్కువైనారని ఆ ఒక్కనికీ గునపం అందించడం మానాలి. ఖాళీలు నింపకుండా ఎన్ని ప్రతిజ్ఞలు చదివించినా ఆ గునపం అతని చేతికే వస్తుంది.

తపాలా సోదరుల బాధ వేరు. వేసవి ఎండలో నడచే పోస్ట్‌మన్‌కు, గ్రామీణ డాక్ సేవకునికి నీరు, నీడ, కాలం మార్చిన బట్వాడా వేళలు కావాలి. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆనాడే టీకాకు వెళ్ళాలని అందరమూ చెబుతాము. ఆ పూట బట్వాడా ఎవరు చేస్తారో మాత్రం ఎవరూ చెప్పరు.

మా తప్పు కూడా వున్నది. బదిలీలు, పదోన్నతులపై తీర్మానాలు చేసిన మన శాఖలు భద్రతను చాలాకాలం అధికారుల వేడుకగా వదలివేసినవి. ప్రతి నెలా ప్రచారం జరిగే రోజుననే శాఖ నుండి ముగ్గురు సభ్యులు ఆ నెల విషయంపై స్వయంగా తనిఖీ చేయాలని మేము కోరుతున్నాము. వారిలో ఒకరు గ్యాంగ్ నుండి గాని, బట్వాడా నుండి గాని వుండాలి. కాలనీ విషయమైతే గృహిణులను కూడా పిలవాలి. చూసినది తేదీతో వ్రాసి అధికారికి అందజేసి, అందినట్లు సంతకం తీసుకోవాలి. మరుసటి నెల సమావేశంలో మొదటి అంశం ఆ కాగితమే కావాలి. జూన్‌లో ట్యాంకుల మూతలు, కాలువలతో మొదలు పెట్టండి. వర్షాకాలపు గస్తీ మొదలయ్యేలోగా హెచ్చరిక పరికరాలలో ఎన్ని పనిచేస్తున్నవో లెక్కించి, ఆ లెక్క మాకు పంపండి.