కొండ దిగే జీపుకు కొలత తప్పిన షూ వద్దు

ఘాట్‌లో ఏ బండి లోయలో పడినా మర్నాడు పేపర్లో ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని వస్తుంది. అక్కడితో వార్త అయిపోతుంది. ఫెయిలైంది లైనరా, సిలిండర్‌లో రబ్బరు బకెట్టా, పైపా, డ్రమ్మా అని అడిగేవాళ్లుండరు. అడ్డతీగలలో పాత జీపుల చక్రాలు విప్పి బిగించడమే నా బతుకు. నేను చూసినంతలో బ్రేకు ఉన్నట్టుండి పోవడం అరుదు. చాలా ముందు నుంచే చెబుతూ ఉంటుంది. మొదట రెండుసార్లు కొడితే గానీ పెడల్ అందదు. తర్వాత బండి ఒక పక్కకు లాగుతుంది. ఆ తర్వాత ఇనుము గీసుకుంటున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక కూడా ‘సంత అయ్యాక చూద్దాంలే బావా’ అనేవాళ్లున్నారు. పాత బండ్లను తుక్కు కింద కొట్టెయ్యాలని వాదించేవాళ్లను నేనడిగేది ఒక్కటే. ఈ కొండల్లో వాటికి సరైన బ్రేకు షూ ఎక్కడ దొరుకుతుంది, దాన్ని కొలిచి బిగించే చెయ్యి ఎక్కడుంది?

మా వైపు పాత కారు అంటే జీపే. 1947లో మహీంద్రా వాళ్లు అమెరికా విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోంచే తర్వాత ఎంఎం 540, కమాండర్ వచ్చాయి. వై.రామవరం దాటి గుర్తేడు వైపు, రాజవొమ్మంగి లోపలి ఊళ్ల వైపు బస్సు పోని దారుల్లో చింతపండు బస్తాలు, జీడిపిక్కలు, కొండచీపుర్ల మోపులు, వాటి మీద మనుషులు, అన్నీ ఈ జీపు మీదే దిగాయి. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చిన గర్భిణిని అక్కణ్ణుంచి ఆస్పత్రికి చేర్చిందీ చాలాసార్లు ఇదే. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ హోదా ఇస్తూ నిబంధనలు తెచ్చింది. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అన్న అక్షరాలుంటాయి. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో తప్ప రోజువారీగా తిప్పకూడదు. మ్యూజియంలాంటి షెడ్డున్న పెద్దమనుషులకు అది బాగానే ఉంటుంది. మా జీపు రోజూ బరువుతో కొండ దిగాలి. దాని బ్రేకు గురించి ఆ నిబంధనల్లో వెతికితే మాకు పనికొచ్చేదేమీ దొరకదు.

షూ కోసం కొట్టుకు వెళ్లి ‘జీపు షూ ఇవ్వండి’ అంటే చాలదు. ఇన్నేళ్లలో ఒక్కో బండి ఎన్నో చేతులు మారింది. ముందు యాక్సిల్ ఒక మోడల్‌ది, వెనక యాక్సిల్ ఇంకో మోడల్‌ది ఉంటుంది. కొన్నిటికి 9 అంగుళాల డ్రమ్ము, కొన్నిటికి 11 అంగుళాలది. ఆర్‌సీ పుస్తకంలో రాసిన మోడల్ చూసి షూ కొంటే సగం సార్లు వెనక్కి తేవాల్సిందే. అందుకే డ్రమ్ము లోపలి వ్యాసం, షూ వెడల్పు, యాంకర్ పిన్ను రంధ్రం కొలిచి, కాగితం మీద రాసి, పాత షూను సంచిలో వేసుకుని వెళ్లమని నేను ప్రతి డ్రైవరుకూ చెబుతాను. కాకినాడలో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్, అక్కడా లేకపోతే చెన్నై పుదుప్పేట. షూ ఇనుము బాగుంటే దాన్ని పారేయక్కర్లేదు, కొత్త లైనర్ వేస్తే చాలు. ఇంగ్లండ్‌లో పాత కార్లవాళ్లూ చేసేదదే. పాత షూలను పోస్టులో పంపి లైనర్ వేయించుకుని తెప్పించుకుంటారు. మనకు చెన్నైలోనే రాణే, సుందరం లాంటి లైనర్ కంపెనీలున్నాయి. అయినా కొండ ఊళ్లకు వచ్చేసరికి పేరూ ఊరూ లేని పొట్లాల్లోని లైనర్లే ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి గాజులా గట్టిగా ఉంటుంది, ఇంకోటి గోటితో గీస్తే పొడి రాలుతుంది. రెండూ ఘాట్‌లో పనికిరావు.

షూ దొరికితే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. డ్రమ్ము లోపల గాళ్లు పడితే లేత్ మీద కటింగ్ వేయించాలి. ఈ సైజు డ్రమ్ములో వ్యాసం మీద మిల్లీమీటరున్నర దాటి తీశారంటే ఆ డ్రమ్ము పారేయాల్సిందే. పలచబడిన డ్రమ్ము వేడికి సాగుతుంది, పగులుతుంది. కటింగ్ వేసిన డ్రమ్ముకు మామూలు లైనర్ వేస్తే వంపు కలవదు, నడుమ మాత్రమే తగులుతుంది. దానికి మందం లైనర్ తెచ్చి, డ్రమ్ము వంపుకు తగ్గట్టు అరగదీయాలి. ఆ లేత్ అడ్డతీగలలో లేదు. డ్రమ్ములు ఊడదీసి, గోనెసంచిలో కట్టి, మైదానానికి దింపాలి. రెండు రోజులు బండి ఆగుతుంది, కిరాయి పోతుంది. కాబట్టి చాలామంది లేత్ మాటే ఎత్తరు. గాళ్లు పడ్డ డ్రమ్ములోనే కొత్త లైనర్ ఎక్కించేస్తారు. వాళ్లది బద్ధకమని నేననను. బండి తిరగని రోజు ఇంట్లో పొయ్యి మీద ఏముంటుందో నాకు తెలుసు.

రివిట్ కొట్టడం చూసేవాళ్లకు సుత్తి పనిలా ఉంటుంది. లైనర్‌ను షూ మీద పరిచి నడిమి రంధ్రాల నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ చివర్లకు పోవాలి. చివర్ల నుంచి మొదలుపెడితే నడుమ లైనర్ ఉబ్బి గాలి సందు మిగులుతుంది. ఆ సందులోకి లైటు పెట్టి చూస్తే వెలుగు అవతలికి కనిపిస్తుంది. అలాంటి షూను నేను బిగించను, రివిట్లు ఊడగొట్టి మళ్లీ మొదలుపెడతాను. పాత విల్లీస్ తరహా బ్రేకులో ఒక్కో చక్రంలోని ముందు షూకు పొడుగు లైనర్, వెనక షూకు పొట్టి లైనర్ ఉంటుంది. బండి ముందుకు పోతున్నప్పుడు తిరిగే డ్రమ్ము ముందు షూను తనలోకి లాక్కుంటుంది కాబట్టి బరువంతా దాని మీదే పడుతుంది. ఈ రెండూ తారుమారు చేసి బిగించిన బండ్లు నా షెడ్డుకు చాలా వచ్చాయి. బిగించాక డ్రమ్ము లోపల సుద్దముక్క రుద్ది, చక్రం తిప్పుతూ మెల్లగా బ్రేకు తొక్కించి, మళ్లీ విప్పి చూస్తాను. లైనర్ మీద సుద్ద ఎక్కడ అంటిందో అక్కడే బ్రేకు పడుతున్నట్టు. ఒక కొసనే అంటితే కింద యాంకర్ పిన్ను, పైన క్యామ్ బోల్టు కొంచెం కొంచెం తిప్పి సరిచేయాలి. చక్రానికి గంట పడుతుంది. ఆ గంటకు కూలీ ఇవ్వడానికి కొందరు గొణుగుతారు. అయినా నేను తగ్గించను.

హబ్ సీల్ కారి లైనర్‌కు ఆయిల్ పట్టిందంటే ఆ లైనర్ పని అయిపోయినట్టే. పెట్రోలుతో కడిగి ఎండబెట్టినా లోపలికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకొస్తుంది. బ్రేకు ఆయిల్ తగ్గిందని చేతికందిన ఇంజినాయిల్ పోసేవాళ్లున్నారు. సిలిండర్‌లో రబ్బరు బకెట్లు ఉబ్బి ఇరుక్కుపోతాయి, ఇక పెడల్ వెనక్కి రాదు. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాల్లో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మా వానల్లో మూత సరిగా లేని డబ్బాలోని ఆయిల్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాగు దాటాక డ్రమ్ములో నీళ్లు నిలిచి బ్రేకు జారుతుంది. కొంతదూరం మెల్లగా తొక్కుతూ పోయి లైనర్లు ఆరనివ్వాలి. దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేస్తే ఎంత మంచి షూ అయినా మాడిపోతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పిన మాట ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక దుమ్ము సంగతి. డ్రమ్ము విప్పగానే నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం ఇంకా మానలేదు. పాత లైనర్లలో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉండేది. మన పులివెందుల ప్రాంతంలోనూ ఒకప్పుడు దాన్ని తవ్వారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే రోగం బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని చెప్పింది. అమెరికా 2024లో, బ్రిటన్ 1999లోనే తెల్ల రాతినారను నిషేధించాయి. రోడ్డు పక్క షెడ్డులో చక్రం విప్పే కుర్రాడి రికార్డు ఎవరు రాస్తున్నారు? నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు ముందు నేర్పేది తడిగుడ్డతో తుడవడమే.

రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. యంత్రాల మీద పరీక్షలు వస్తున్నాయి, మంచిదే. అయితే చల్లగా ఉన్న బండిని రోలర్ మీద ఆపితే ఆ క్షణం బలం తెలుస్తుంది. లైనర్ రివిట్ తల దాకా అరిగిందో లేదో, పది మలుపులు దిగాక వేడిలో బ్రేకు పడుతుందో లేదో తెలియదు. కొండ మండలాల బండ్లకు ముందొకటి, వెనకొకటి డ్రమ్ము విప్పి చూశాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. అలా విప్పిచూసి తిప్పిపంపిన బండి బాగుపడే చోటు కూడా ఇక్కడే ఉండాలి. రంపచోడవరంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఒక డ్రమ్ము లేత్, ఒక రివిట్ మిషను, కంపెనీ ముద్ర ఉన్న లైనర్ల స్టాకు పెట్టి, మన కొండరెడ్డి, కోయదొర పిల్లల్లో పనంటే ఇష్టమున్నవాళ్లకు నేర్పితే చాలు. దీనికయ్యే ఖర్చు భరించలేనంత పెద్దదేమీ కాదు. లోయలో పడ్డాక ఇచ్చే ఎక్స్‌గ్రేషియాలు పేపర్లో మనం చదువుతూనే ఉన్నాం.

డ్రైవరు తమ్ముళ్లూ, ఇనుము గీసిన చప్పుడు వినిపించిన రోజున సంత బేరం ఒప్పుకోకండి. జీపెక్కే అమ్మలూ అయ్యలూ, ఎక్కే ముందు లైనర్ ఎప్పుడు మార్చావని అడగండి. జవాబు చెప్పలేని బండి ఎక్కకండి.